బొమ్మ తుడిచే ముందు బస్తీని అడగరా?

సంపాదకులకు నమస్కారం.

రాంనగర్‌లో మా గల్లీ మూల మీద ఉన్న ప్రహరీ గోడకు పోయిన నెల ఒకరోజు తెల్లారేసరికి సున్నం కొట్టేశారు. అంతకు మూడు వారాల ముందే నలుగురు కుర్రాళ్లు పరంజా కట్టుకుని ఆ గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. మ్యాన్‌హోల్ లోంచి నడుం దాకా పైకి వచ్చిన మనిషి, చేతిలో బకెట్, ముఖం మీద ఎండ. గోడ యజమాని సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నారు. ఎందుకు తుడిచారని అధికారులను అడిగితే, ఏరియాకు చెడ్డపేరు వస్తుందని కంప్లైంట్ వచ్చిందన్నారు. ఏ రూలు ప్రకారం తుడిచారో కాగితం మీద రాసివ్వమంటే ఇంతవరకు ఇవ్వలేదు.

రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగు కాలువల్లోకి దించకూడదని 2013లో చట్టమే వచ్చింది. మా గల్లీ పిల్లలు ఆ సంగతి ఈ బొమ్మ ముందు నిలబడి అడిగి తెలుసుకున్నారు. ఇందులో చెడ్డపేరు ఏముందో నాకు అర్థం కావడం లేదు. ఆ పక్క గోడ నిండా కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు అలాగే ఉన్నాయి. గోడల్ని పాడుచేయకుండా 1997లో చేసిన చట్టం ఉంది కదా, అది వాటికి వర్తించదా?

ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తాలో 2016లో ఇళ్ల గోడల మీద రంగురంగుల బొమ్మలు వేసినప్పుడు ఊరంతా మెచ్చుకుంది. నేనూ మా అమ్మాయిని తీసుకెళ్లి ఫొటోలు తీసుకున్నాను. కంటికి ఇంపుగా ఉన్న బొమ్మకు దొరికిన చోటు, మనసును ఇబ్బంది పెట్టే బొమ్మకు కూడా దొరకాలి.

బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ అనే మ్యూజియం పెట్టిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ మీద ఆయన వేసిన బొమ్మల గురించి ఎన్ని కేసులు వేశారో అందరికీ తెలుసు. వాటిలో కొన్నింటిని 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అక్కడ ఇరుపక్షాల వాదనా విన్నారు, కారణాలు రాసి తీర్పు ఇచ్చారు. మా గోడ దగ్గర వినడమూ లేదు, రాయడమూ లేదు.

అలాగని అభ్యంతరం చెప్పిన ప్రతి ఒక్కరిదీ తప్పని నేను అనను. మా వెనక గల్లీలో ఒక అక్క ఉంది. ఆమె భర్త డ్రైనేజీ పనికి దిగి ఊపిరాడక చనిపోయాడు. పాచిపనికి వెళ్లేటప్పుడు రోజూ ఆ గోడ ముందు నుంచే నడవాలి. "ముఖం అచ్చం ఆయనదిలాగే ఉందమ్మా, చూడలేకపోతున్నా" అని ఏడ్చింది. బొమ్మ వేసే ముందు ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ బాధ నాకుంది. అయితే తుడిచేయమని ఆమె అనలేదు. ముఖం కొంచెం మార్చి, కింద ఆయన పేరు రాస్తారా అని అడిగింది. చిత్రకారులు సరేనన్నారు. వాళ్లు రంగులు పట్టుకుని వచ్చేలోపే సున్నం పడిపోయింది.

గోడ బొమ్మ మీద కంప్లైంట్ వస్తే ఆ గోడకే నోటీసు అంటించి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. యజమానిని, బొమ్మ వేసినవాళ్లను, బస్తీవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి వినాలి. తీసేయాల్సిందేనని తేలితే కారణం రాసివ్వాలి. కొత్త బొమ్మ వేసేవాళ్లు కూడా ముందు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి.

గోడను మళ్లీ ఇవ్వడానికి యజమాని సిద్ధంగానే ఉన్నారు. ఆ అక్క తన భర్త ఫొటో ఒకటి తెచ్చి నా దగ్గర పెట్టి వెళ్లింది.

– ఒక పాఠకురాలు, రాంనగర్, హైదరాబాద్