సోమవారం నుంచి కొత్త స్టూడియో: యాంకర్లందరికీ

అందరికీ నమస్కారం.

సోమవారం ఉదయం 6 గంటల బులెటిన్‌తో కొత్త స్టూడియోలోకి మారుతున్నాం. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ట్రయల్. సెలవులో ఉన్నవారు తప్ప అందరూ రండి.

షిఫ్టులు: ఉదయం 5–11, పగలు 11–5, సాయంత్రం 5–11. తెల్లవారుజాము షిఫ్టు ఎవరికీ వరుసగా 5 రోజులకు మించి వేయలేదు. అలసిన గొంతును ప్రేక్షకులు ఇట్టే పసిగడతారు. ఎవరితోనైనా షిఫ్టు మార్చుకుంటే ముందురోజు సాయంత్రం 4 లోపు ఇక్కడే రాయండి. ఫోనులో చెబితే లెక్కలోకి రాదు.

దుస్తుల గురించి కాస్త శ్రద్ధగా చదవండి. సన్న గళ్లు, సన్న చారలు వద్దు. మంగళగిరి చిన్న గళ్ల చీర ఎదురుగా చూస్తే ఎంతో అందం, కెమెరాలో మాత్రం అలలు అలలుగా కదులుతుంది. వాతావరణం చదివేవారు ఆకుపచ్చ అసలు వేసుకోకండి, వెనకున్న ఆకుపచ్చ తెర మీద రావాల్సిన మ్యాప్ ఒంటి మీదే కనిపిస్తుంది!

కుర్చీ వెనక్కి జరపకండి. ఎల్‌ఈడీ గోడకు దగ్గరైతే దాని చుక్కలు తెరపై కనిపిస్తాయి.

ప్రాంప్టర్ (చూసి చదివే వార్తల తెర) అక్షరాలు ఎంత పెద్దగా కావాలో శుక్రవారంలోగా చెప్పండి. అయినా కాగితం ప్రతి బల్ల మీద ఉండాల్సిందే. ప్రాంప్టర్ లేని రోజుల్లో శాంతి స్వరూప్ గారు దూరదర్శన్‌లో ఎంత నిబ్బరంగా చదివేవారో గుర్తుంది కదా.

మరోసారి: శనివారం 3 గంటలకు, సోమవారం వేసుకోబోయే దుస్తుల్లోనే రావాలి. చూసినవారు పేరు రాయండి.