వార్షిక నివేదిక 2025–26: ఈ ఏడాది పనులు, ఈస్టర్ గుడ్ల రంగులు

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న తెలుగు కుటుంబాల మన సంఘం ఏడాదిగా చేసిన పనులను మీ ముందు పెడుతున్నాం. మామూలుగా జరిగేవన్నీ జరిగాయి. పిల్లల ఆదివారం తెలుగు తరగతి నడుస్తోంది. ఒడియా మీడియంలో చదివే పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, గుణింతాల దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. అందుకని ఆ తరగతి ఆపే ప్రసక్తే లేదు. జూన్ 27న రథయాత్రలో మజ్జిగ పంచాం. మార్చి 19న పరాభవ ఉగాదికి పచ్చడి, పంచాంగ శ్రవణం అయ్యాయి. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం, చూసి సంతకం పెట్టండి.

కాస్త ఎక్కువగా రాయాల్సింది ఈస్టర్ గుడ్ల గురించే.

2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. ముందురోజు సాయంత్రం వంటింట్లో దొరికేవాటితో గుడ్లకు రంగులు వేయడం నేర్పుతామని మనలోని క్రైస్తవ కుటుంబాలవారు ముందుకొచ్చారు. ఆ రోజు శనివారం. శనివారం గుడ్డు ముట్టని ఇళ్లు మనలో బోలెడు. కమిటీలో వాదన గట్టిగానే నడిచింది. చివరికి గుడ్లు ఉడకబెట్టి ముంచడం క్రైస్తవ కుటుంబాల పని, రంగునీళ్లు కాచడం మిగతావారి పని అని తేలింది. నిజం చెప్పాలంటే, గుడ్డు ముట్టనివాళ్లే ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

అసలు గుడ్లకు, ఈస్టర్‌కు ఏమిటి సంబంధం అని చాలామంది అడిగారు. పాతకాలపు యూరప్‌లో పండక్కి ముందు నలభై రోజుల ఉపవాసంలో గుడ్లు కూడా తినేవారు కాదు. కోళ్లు మాత్రం పెట్టడం మానవు కదా! అలా పోగుపడ్డ గుడ్లే పండగ రోజు పళ్లెంలోకి వచ్చేవి. గ్రీసులో ఇప్పటికీ పండగ ముందు గురువారం గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. ఇరాన్‌వాళ్లు మార్చిలో వచ్చే నౌరూజ్‌కి రంగుల గుడ్లు పెట్టుకుంటారు.

రంగుల్లో మొదటి మార్కు ఉల్లిపొట్టుకే. లీటరు నీళ్లలో పది పన్నెండు ఎర్ర ఉల్లిపాయల పొట్టు వేసి అరగంట మరిగించి వడకడితే చిక్కటి కషాయం వస్తుంది. గ్లాసుకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపాలి. గుడ్డు పెంకు దాదాపు అంతా సున్నపురాయి సరుకే, పులుపు తగిలితే పైపొర కాస్త కరిగి రంగును పట్టుకుంటుంది. అలాగని వెనిగర్ ఎక్కువ పోస్తే పెంకు నురగలు కక్కి రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ఫారం గుడ్డు ఇటుక రంగుకు తిరుగుతుంది. నాటుకోడి గుడ్డు ముందే లేత గోధుమరంగులో ఉంటుంది కాబట్టి ఇంకా ముదురుగా వస్తుంది. ముంచేముందు గుడ్డు మీద కొత్తిమీర ఆకు పరిచి, పాత పల్చటి చున్నీ ముక్కతో బిగించి కట్టాం. కట్టు విప్పితే ఆకు ఉన్నచోట లేతరంగులో కొత్తిమీర అచ్చు, అంచుల నొక్కులతో సహా. మునగాకు కూడా బాగానే వచ్చింది.

పసుపుతో ఒక తమాషా జరిగింది. ఎవరో పిల్ల సబ్బు చేతులతోనే పసుపు గుడ్డు పట్టుకుంది, వేళ్లు తగిలినచోటల్లా ఎర్రబడిపోయింది. పిల్లలు హడలిపోయారు. పెద్దావిడ ఒకరు నవ్వి, హారతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవ్వవటర్రా అన్నారు. సబ్బుదీ సున్నానిదీ ఒకటే గుణం, రెండూ క్షారాలే. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కూడా, గుడ్లను నీడలోనే ఉంచాలి.

నీలానికి ఊదా క్యాబేజీ అన్నారు గానీ, మన బజారులో దాని కోసం తిరగడం దండగ. శంఖుపూలు ఉండగా అదెందుకు? వెనిగర్ వేస్తే మాత్రం ఆ నీలం ఊదాకు తిరుగుతుంది, వేయకండి. ముందు పసుపులో, తర్వాత శంఖుపూల నీళ్లలో ముంచితే ఆకుపచ్చ. పాలకూరతో పచ్చరంగు అన్నది పేరుకే, గుడ్డు ఉన్నట్టే ఉంది. ఆరాక ఒక చుక్క నూనె వేసి బట్టతో రుద్దితే మెరుపు వస్తుంది. పశువుల కొమ్ములతో బొమ్మలు చెక్కే ఊరివాళ్లం, మెరుగు పెట్టడం మనకు ఒకరు నేర్పాలా?

టెన్షన్ పెట్టింది ఎండ. ఉడికిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఏప్రిల్ వేడిలో ఇంకా తక్కువే. మధ్యలో కరెంటు పోయింది, ఫ్రిజ్‌లు నమ్మలేక గుడ్లు ఎవరింటికి వాళ్లు వెంటనే పట్టుకెళ్లారు. హోలీకి మిగిలిపోయిన రంగులు వాడదామన్న సలహాను కమిటీ ఒప్పుకోలేదు. తినే గుడ్డు అది.

ఈసారి, అంటే 2026లో, ఈస్టర్ ఏప్రిల్ 5న. రంగుల సాయంత్రం 4వ తేదీ, మళ్లీ శనివారమే, పోయినేటి ఏర్పాటే. ఎర్ర ఉల్లిపొట్టు ఇప్పటినుంచే తడి తగలకుండా సంచిలో దాచండి. వెనిగర్ సంఘం కొంటుంది, గుడ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

— కార్యదర్శి