ఒక్క నౌకతో సరిపెట్టకండి: అంతరిక్ష పరిశోధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

సౌర పవనాన్ని కొలవడానికి ఒకే పెద్ద నౌకను పంపాలా, చిన్న నౌకల బృందాన్ని పంపాలా అన్నది తేల్చవలసింది మీరు. ఖర్చు చూస్తే మొదటిదే మేలనిపిస్తుంది. సంతకం చేసేముందు నా మాట వినండి.

సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 300 నుంచి 800 కిలోమీటర్ల వేగంతో వీచే ఈ పవనం, అంటే విద్యుదావేశ కణాలతో కూడిన ప్లాస్మా ప్రవాహం, అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. ఎదురెదురు దిశల క్షేత్రరేఖలు పలుచని విద్యుత్ పొరకు అటూ ఇటూ ఒత్తుకుంటే, ఒక్కోసారి తెగి కొత్త జతలుగా అతుక్కుంటాయి. ఇదే అయస్కాంత పునఃసంయోగం. వంగిన కొత్త రేఖలు వదిలిన వింటినారిలా సాగుతూ ప్లాస్మాను రెండు వైపులకూ విసురుతాయి.

సౌర పవనంలో ఈ ధారలను 2005లో శాస్త్రవేత్త గోస్లింగ్ బృందం నాసా వారి ఏస్ నౌక కొలతల్లో గుర్తించింది. ఏస్ ప్లాస్మాను కొలిచేది 64 సెకన్లకు ఒకసారి. గాలి వేగం సెకనుకు 400 కిలోమీటర్లనుకుంటే, రెండు కొలతల నడుమ 25,600 కిలోమీటర్ల ప్లాస్మా దాటిపోతుంది. రేఖలు తెగే చోటి మందమో, భూమి దూరంలో వంద కిలోమీటర్ల స్థాయిలోనే ఉంటుంది. అది పావు సెకనులో వెళ్లిపోతుంది. అంటే వాగు చూశాం గానీ ఊట చూడలేదు.

2002 ఫిబ్రవరి 2న ఏస్, విండ్, క్లస్టర్ నౌకలు వేర్వేరు చోట్ల ఉండి ఒకే పునఃసంయోగపు ధారలను దాటాయి. వాటి కొలతలు కలిపి చూస్తే ఆ సంయోగ రేఖ (క్షేత్రరేఖలు తెగి అతుక్కునే చోట్ల వరుస) పొడవు కనీసం 25 లక్షల కిలోమీటర్లని తేలింది. అంటే భూమి వ్యాసార్థానికి 390 రెట్లు! ఒక్క నౌకే ఉండి ఉంటే ఆ విస్తారం మనకు తెలిసేదే కాదు. ఇందుకోసం ఎవరూ ఆ నౌకలను అలా నిలపలేదు. అవి అక్కడ ఉండటం మన అదృష్టం. మళ్లీ అలాంటి అదృష్టం కోసమే కాచుకుని కూర్చోవాలా?

సూర్యుడి నుంచి వెలువడే అయస్కాంత మేఘాలను, అంటే బలమైన క్షేత్రాన్ని మోసుకొచ్చే భారీ ప్లాస్మా ముద్దలను, దారిలోనే ఈ ప్రక్రియ కొంత ఒలిచేస్తుంది. ఆ మేఘాలు భూమిని తాకితే రేగే తుఫాను బలం లెక్కగట్టాలంటే ఇదీ తెలియాలి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌ను చీకట్లో ముంచింది అలాంటి సౌర తుఫానే.

కాబట్టి కనీసం నాలుగు నౌకలు కావాలి. అంతకన్నా తక్కువైతే, మార్పు స్థలానిదో కాలానిదో మూడు దిశల్లోనూ విడదీయలేం. ప్లాస్మాను సెకనులో ఎన్నోసార్లు కొలిచే పరికరాలు కావాలి. కొలతలు అందరికీ అందాలి. విండ్ 1994లో, ఏస్ 1997లో వెళ్లినవి. వాటి వారసుల రూపకల్పనకు ఈ బడ్జెట్‌లోనే నిధులివ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
సౌర పవన పరిశోధకురాలు