మహేశుకు, కొచ్చి పోయొచ్చిన సంగతి

మహబూబ్‌నగర్,
ఆదివారం పొద్దున

చిరంజీవి మహేశుకు మీ నాయిన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తున్నాను. తలచుకోవడమే తప్ప నీ నోట విని 19 రోజులైంది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ మూడుసార్లు వచ్చింది. బొటనవేలు చూసి మనిషి ఎట్లున్నాడో చెప్పే వైద్యం నాకు రాదు. సరే, పనిలో ఉంటావు. ఈ ఉత్తరం దాని గురించి కాదు. నువ్వు పంపిన విమానయాత్ర ఎట్లా జరిగిందో చెప్దామంటే ఫోన్లో "నాయినా, మళ్ల చేస్తా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. కాగితం మధ్యలో కట్ కాదు.

బుధవారం తెల్లవారుజామున 2 గంటలకే వ్యాన్ మన గల్లీ మొదట్లోకి వచ్చింది. మీ అమ్మ ఆ రాత్రి పడుకోలేదు. పులిహోర కలిపింది, సకినాలు కట్టింది, దేవుడి గూటి ముందు కూర్చుని పసుపు బట్టలో రూపాయి మూటగట్టి మన్యంకొండ స్వామికి ముడుపు కట్టింది. ఎవరి పేరునే అని అడిగితే "మహేశు పేరున" అంది. ఎందుకే అంటే "ఊరికే" అంది. ఊరికే ముడుపు కట్టే మనిషి కాదని నీకూ తెలుసు.

శంషాబాద్‌లో చెకింగ్ దగ్గర మొదటి గొడవ. మీ అమ్మ సంచిలో అడకత్తెర ఉంది. అదే, వనపర్తి అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడిది, పిడికి చిలక ముక్కు ఉండేది. ఆ పిల్లవాడు మర్యాదగానే చెప్పాడు, "అమ్మా, ఇది లోపలికి రాదు." మీ అమ్మ వక్క తీసి కత్తిరించి చూపించింది, ఇది దీనికే బాబూ అని. వెనక లైనంతా ఆగింది. చివరికి ట్రేలో వదిలేసి వచ్చాం. పోయేటప్పుడు దాని మాటే, వచ్చేటప్పుడు దాని మాటే.

మొత్తం 24 మందిమి. అందరికీ పసుపు టోపీలు ఇచ్చారు. పట్టుకెళ్లే కుర్రాడు వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు, ప్రతిసారీ 23 వస్తోంది. మనుషులను అట్లా లెక్కపెట్టరు బాబూ, కదిలేవాళ్లు కదులుతుంటారు, సీటు సీటుకు లెక్కపెట్టాలి అని చెప్పా. 31 ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన పని ఇంకెక్కడికి పోతుంది? సాయంత్రానికి వాడే నా దగ్గరికి వచ్చి "అంకుల్, అందరూ ఎక్కారా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ చనువుతోనే తన లిస్టు నాకు చూపించాడు. ఇద్దరికీ కలిపి 29,000. మూడు విడతలుగా కట్టావట, ఆఖరుది యాత్రకు నాలుగు రోజుల ముందు. నేనేమీ అనలేదు. నా కళ్లు టికెట్ల లెక్క రాసే వేబిల్ చూసినట్టే చూస్తాయి, అంతే.

విమానం గంటన్నర. పైనుంచి ఒక నీళ్ల పలక కనిపిస్తే జూరాల అని మీ అమ్మకు చూపించా. అది ఏ ఊరి చెరువో నాకూ తెలియదు. నర్సింలు బావ సీటు బెల్టు బిగించి, దిగేదాకా విప్పలేదు. దిగేటప్పుడు కింద నల్లటి పలకలు పరిచినట్టు కనిపిస్తే ఏందని అడిగా, సోలార్ అట. 2015 నుంచి ఆ విమానాశ్రయం మొత్తం ఎండ కరెంటుతోనే నడుస్తోందట. ప్రపంచంలో అట్లాంటిది అదే మొదటిదని చెప్పారు. పలకల మధ్య కూరగాయలు కూడా పండిస్తారట. ఎండకు మన పాలమూరులో ఏం తక్కువ?

పాత ఊరు ఫోర్ట్ కొచ్చి విమానాశ్రయానికి చాలా దూరం. దారిలో గైడమ్మ ఊరి కథ చెప్పింది. హిందీలోనే చెప్పింది కాబట్టి నాకు బాగానే అర్థమైంది. ఒకప్పుడు అక్కడ పెద్ద రేవు కొచ్చి కాదట, ముజిరిస్ అని ఇంకోటట. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి ఆ రేవు ఇసుకతో పూడిపోయిందట. అదే వరద కొచ్చి దగ్గర కొత్త నోరు తెరిచిందట. ఒకచోట పూడింది, ఇంకోచోట తెరుచుకుంది. ఉద్యోగాలైనా... సరే, వదిలేయ్. లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నా.

చీనా వలలు చూశాం. ఫొటోల్లో అందంగా ఉంటాయి గానీ, నాకు నచ్చింది అందం కాదు. అది అచ్చం మన ఏతం! పెద్ద పెద్ద దుంగలు, ఒక కొసకు వల, ఇంకో కొసకు తాళ్లతో వేలాడే బండరాళ్లు. ఒకడు దుంగ మీద నడుచుకుంటూ ముందుకు పోతే ఆ బరువుకు వల నీళ్లలోకి దిగుతుంది. కాసేపాగి నలుగురైదుగురు తాళ్లు లాగితే రాళ్లు కిందికి, వల పైకి. మీ తాత ఏతం తొక్కేవాడు, గుర్తుందా నేను చెప్పింది? నన్నూ లాగమన్నారు, లాగా. అరచేతులు ఇంకా మండుతున్నాయి. అంత పెద్ద వలలో పడింది బొమ్మిడాయిలంత చేపలు గుప్పెడు, ఒక ప్లాస్టిక్ సీసా. లాగినవాళ్ల మొహంలో ఏ మార్పూ లేదు, మళ్లీ దించారు.

అక్కడికి దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. పోర్చుగీసువాళ్లు 1503లో కట్టింది. మన దేశంలో యూరప్‌వాళ్లు కట్టిన చర్చిల్లో అదే పాతదట. వాస్కో డ గామా 1524లో కొచ్చిలోనే చనిపోతే అందులో పూడ్చారు, 1539లో ఎముకలు తీసి పోర్చుగల్‌కు పట్టుకెళ్లారు. ఇప్పుడు అక్కడున్నది ఉత్త రాయి, చుట్టూ కటకటాలు. ఎంత దూరం పోయినవాడినైనా ఇంటివాళ్లు వెతుక్కుంటూ వస్తారన్నమాట. లోపల పైకప్పుకు పొడుగాటి గుడ్డ పంకాలు వేలాడుతున్నాయి. బయట కూర్చున్న మనిషి తాడు లాగితే లోపల దొరలకు గాలి. నాకు మా పాత బస్సుల గంట తాడు గుర్తొచ్చి చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

చర్చి చుట్టుపక్కల చెట్లు పెద్దవి. నర్సింలు బావ ఆశ్చర్యపోతుంటే, మూడెకరాల పైన పరుచుకున్న పిల్లలమర్రి ఊరి నుంచి వచ్చి వీటిని చూసి నోరు తెరుస్తావేంది బావా అన్నా. చెదలు పట్టి పోతుందనుకున్న చెట్టు. 2018లో కొమ్మకొమ్మకూ సెలైన్ సీసాలు కట్టి బతికించుకోలేదా?

మట్టంచేరిలో రాజుల ఇల్లు చూశాం. కట్టించి ఇచ్చింది పోర్చుగీసువాళ్లు, పేరు మాత్రం డచ్చి ప్యాలెస్. తర్వాత వాళ్లొచ్చి బాగుచేయించారని! గోడల మీద రామాయణమంతా బొమ్మలు. మీ అమ్మ ఒక్కొక్క బొమ్మ దగ్గర నిలబడి కథ చెప్పుకుంటుంటే వేరే గుంపువాళ్లు కూడా చేరి విన్నారు, తెలుగు రాకపోయినా. పక్కనే యూదుల గుడి, 1568ది. నేల మీద నీలం రంగు చైనా పలకలు, చేత్తో వేసిన బొమ్మలు, ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవట. చెప్పులు విడిచి నడవాలి, కాళ్లకు చల్లగా తగులుతాయి. ఆ వీధినిండా ఒకప్పుడు యూదులే. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయిందట. కరువు ఏడాది మన ఊళ్లలో తాళాలు వేసిన ఇళ్లే కళ్ల ముందు కనిపించాయి.

భోజనం గురించి ఏం చెప్పను, లావు ఎర్ర బియ్యం, కొబ్బరినూనె వాసన. మీ అమ్మ పులిహోరతోనే సరిపెట్టుకుంది. నువ్వు ఏం తింటున్నావు? మెస్ మానేశానన్నావు, వంట వస్తుందా? రాత్రి 12కు నూడుల్స్ తినకు. ఆ కార్డుల మీద వాడుకోవడం తగ్గించు. నెలకు కట్టేది చిన్నదిగానే కనిపిస్తుంది, అది అప్పే. జీతం వచ్చే నెలలు వేరు, రాని నెలలు...

బస్టాపులో ఒక సంగతి చూశాను, అది రాయాలి. నలుగురు పిల్లగాళ్లు, భుజాన సంచులు, మాట బెంగాలీలా ఉంది. కూలి పనులకు వస్తారట. అక్కడ వాళ్లను 'అతిథి కార్మికులు' అంటారని గైడమ్మ చెప్పింది. మనవాళ్లను బొంబాయిలో ఎవరూ అతిథులనలేదు, పాలమూరు లేబర్ అన్నారు.

1996 అనుకుంటా, నేను బొంబాయి బస్సు మీద ఉన్నా. తిరుగు ట్రిప్పులో షోలాపూర్ దగ్గర ఒక పిల్లవాడు ఎక్కాడు, ఇరవై ఏళ్లుంటాయి. చేతిలో స్టీలు డబ్బా, పేపర్లో చుట్టిన చీర. మరికల్‌కు ఇయ్యమన్నాడు. డబ్బులు లెక్కపెడితే సగం లేవు. మేస్త్రీ ఆరు నెలల కూలి ఎగ్గొట్టాడట. దింపేయాలి, రూలు అదే. వాడు చీర నా చేతిలో పెట్టి "ఇది పెట్టుకో సారూ" అన్నాడు. చీరలు ఏం చేసుకుంటాను? తక్కువ పడింది నా జేబులోంచి వేసి టికెట్ కొట్టా. రాత్రంతా నా పక్కనే కూర్చున్నాడు. ఆ ఆరు నెలలూ ఇంటికి మనియార్డర్ ఆపలేదట. తోటివాళ్ల దగ్గర చేబదులు తీసుకుని పంపాడట, పని మంచిగుందని రాయించి. తెల్లారి నారాయణపేట రాగానే "ఇక్కడ దిగుతా సారూ" అన్నాడు. టికెట్ మరికల్ దాకా ఉంది కదరా అంటే వినలేదు, దిగి స్టాండు వెనక్కి పోయాడు.

మరికల్‌లో బస్సు ఆగితే ఒక ముసలాయన వచ్చాడు. తువ్వాలులో ఉడకబెట్టిన పల్లికాయ, ఇంకా ఆవిరి వస్తోంది. ప్రతి మెట్టు దగ్గరా తొంగి చూసి నన్నడిగాడు, "మా పిలగాడు రాలే?" బొంబాయి బస్సు వచ్చే రోజల్లా ఆయన అక్కడ ఉంటాడని డ్రైవర్ చెప్పాడు. నేను టికెట్ల లెక్క కాగితం, అదే ఎస్సార్, రాస్తున్నట్టు తల దించుకున్నా. ముసలాయనే సర్దుకున్నాడు. "రాలేదంటే పని మంచిగనే ఉన్నట్టు" అని, పల్లికాయ డ్రైవర్ ఒళ్లో పోసి పోయాడు. నేను రైట్ అన్నా, బస్సు కదిలింది. ఒక్క మాట, నారాయణపేటలో దిగాడు పోయి తెచ్చుకో అని, చెప్పలేకపోయా. పరువు వాడిది, నేనెందుకు తీయాలి అనుకున్నా అప్పుడు.

సరే, ఎక్కడికో పోయాను. సాయంత్రం బ్యాటరీతో నడిచే పడవలో తిప్పారు, వాటర్ మెట్రో అంటారు. మీ అమ్మ నీళ్లలో చెయ్యి పెడతానంటే అద్దాలు, ఏసీ, కుదరదన్నారు. రాత్రి శంషాబాద్‌లో దిగితే నర్సింలు బావను తీసుకుపోవడానికి శ్రీకాంత్ కారు తెచ్చాడు. సంచులు డిక్కీలో పెడుతూ అడిగాడు, "మహేశు ఇంకా అక్కడనే చేస్తున్నడా మామా?" అని. ఆ 'ఇంకా' ఏందిరా అని నేను అడగలేదు. మీ అమ్మ విననట్టు నిలబడింది. ఇంటికొచ్చి లైటు తీశాక "పని ఎక్కువున్నట్టుంది వానికి" అంది. నేను "ఊ" అన్నా. అన్నాక నాకు మరికల్ ముసలాయన గొంతే వినిపించింది.

కాబట్టి ఇట్లా చేద్దాం. శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కు. నడుమ సీటు తీసుకో, వెనక టైరు మీది సీటు వద్దు, నీ నడుముకు పడదు. జడ్చర్ల క్రాస్‌రోడ్డులో తెల్లవారుజామున నేను స్కూటర్‌తో ఉంటా. సామాను ఎంతున్నా సరే, ఆటో మాట్లాడదాం. చెవులకు గుడ్డ కట్టుకుని దిగు, మంచు పడుతోంది. ఏమీ అడగను. మీ అమ్మ అడిగితే నేనే మాట మార్చేస్తా.

29,000 నీ ఖాతాలో వేశాను. వాపసు పంపకు. పాత రోజుల్లో టికెట్ వెనక చిల్లర ఎంతివ్వాలో రాసిచ్చేవాళ్లం గదా, అట్లాంటిదే అనుకో.

మీ నాయిన

తా.క. మీ అమ్మ పక్కన నిలబడి చెప్తోంది: వచ్చేటప్పుడు అడకత్తెర తేవాలట. బెంగళూరులో ఇత్తడివి దొరుకుతాయట, పిడి గట్టిగా ఉందో లేదో చూసి తీసుకోమంటోంది. దొరక్కపోతే దాని కోసం తిరుగుతూ బస్సు మాత్రం వదులుకోవద్దట.