కుమార్ రాకర్ చివరికి పైమెట్టు ఎక్కాడు

ఫ్రిస్కో, టెక్సస్
13 సెప్టెంబరు 2024

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇక్కడ అందరమూ కులాసా. పాప బడికి వెళుతోంది, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి. నిన్న సియాటెల్‌లో టెక్సస్ రేంజర్స్ తరఫున కుమార్ రాకర్ మొట్టమొదటిసారి బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన మేజర్ లీగ్‌లో బంతి విసిరాడు!

మన కుమార్ కాడులే, వాడింకా సైకిలు తిరిగి ఇవ్వలేదు కదా. ఇతను జార్జియాలో పెరిగిన పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, వయసు 24. తండ్రి ట్రేసీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసినవాడు. తల్లి లలిత భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దంపతుల కూతురు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తొలి ఏడాది చదువుతూ, ఓడితే ఇంటిముఖం పట్టవలసిన ఆటలో, డ్యూక్ జట్టుకు ఒక్క హిట్టయినా (బంతిని కొట్టి బేస్ చేరడం) ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. అతను విసిరే స్లైడర్ అనే బంతి నేరుగా వస్తున్నట్టే కనిపించి, బ్యాటు ఊపేసరికి కిందికీ పక్కకూ జారిపోతుంది.

అంతటివాడిని 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు, ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, పదో ఎంపికగా తీసుకుని, 60 లక్షల డాలర్లకు మాట కూడా కుదిరాక, వైద్య పరీక్షల తరువాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. అతని చెయ్యి గురించి వాళ్ల భయం పూర్తిగా నిరాధారమని నేననను, ఆ సెప్టెంబరులోనే అతని భుజానికి శస్త్రచికిత్స జరిగింది. కానీ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు లోకమంతా చూస్తుండగా అలా నిలబడిపోవడం... సరే, దాని గురించి మొదలుపెడితే ఆగను.

మరుసటి ఏడాది అతను ఏ పెద్ద జట్టుకూ చెందని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌లో చేరి, 20 ఇన్నింగ్స్‌లో (ఇక్కడ ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోతుంది) 32 స్ట్రైకవుట్లు చేశాడు. వెంటనే ఆ ఏటి డ్రాఫ్ట్‌లో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. పదో స్థానంలో వద్దన్న చెయ్యి మూడో స్థానానికి ఎక్కింది, చూశావా! మేజర్ లీగ్ చేరే ముందు ఆడే మైనర్ లీగులంటే మన రంజీ లాంటివే గాని, వాటిలో మెట్లు చాలా ఉంటాయి. 2023లో అలాంటి ఒక మెట్టయిన హికరీ జట్టుకు 28 ఇన్నింగ్స్‌లో 42 మందిని వెనక్కి పంపాక, మోచెయ్యి దెబ్బతింది. టామీ జాన్ శస్త్రచికిత్స అంటారు: తెగిన స్నాయువు స్థానంలో శరీరంలో మరోచోటి నుంచి తీసిన స్నాయువును అమర్చి, మళ్లీ విసరడానికి ఏడాదికి పైగా వేచి ఉంటారు. ఆ వార్త విన్న రోజు నేను ఆశ వదులుకున్నాను.

ఈ వేసవిలో తిరిగి అరిజోనాలో మొదలుపెట్టి, మా ఫ్రిస్కో జట్టుకు ఆడి (ఇక్కడ జనం నీళ్లలో తేలుతూ ఆట చూసే కొలను మైదానంలోనే ఉంది, నమ్ము), రౌండ్ రాక్ జట్టు మీదుగా నిన్న పైకి చేరాడు. నాలుగు ఇన్నింగ్స్, ఇచ్చింది ఒక్క పరుగే, ఏడు స్ట్రైకవుట్లు! ఆ స్లైడర్‌కు బ్యాటర్లు గాలిని కొడుతుంటే నేను సోఫా మీద ఎగిరాను. పక్కింటి తెలుగాయన క్రికెట్ అనుకుని స్కోరు అడగడానికి వచ్చాడు, మన పిండిమర మాస్టారి లాగే.

వాండర్‌బిల్ట్‌లో అతని సహచరుడు జాక్ లైటర్ కూడా ఇప్పుడు రేంజర్స్‌లోనే ఉన్నాడు, 2021లో రెండో ఎంపిక, అతని కథ ఇంకా... పాపను ఈత తరగతి నుంచి తీసుకురావలసిన వేళయింది, ఉంటాను.

నీ
సుధాకర్