అండర్‌బ్రిడ్జి నీళ్లలో సెల్ఫ్ కొట్టకండి

సంపాదకులకు,

కోవూరు, బుచ్చి, కాకుటూరు వైపుల నుంచి రోజూ కారులో నెల్లూరుకు ఉద్యోగానికొచ్చేవాళ్లకు ఏడాదిలో తొమ్మిది నెలలు ట్రాఫిక్కే తలనొప్పి. మిగతా మూడు నెలల సంగతి వేరు. మన జిల్లాకు ఎక్కువ వాన ఇచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాలే. రైలు పట్టాలు ఊరిని రెండుగా కోశాయి కాబట్టి అటు నుంచి ఇటు రావాలంటే చాలామందికి మాగుంట లేఅవుటో, రామలింగాపురమో, విజయమహల్ గేటో, ఏదో ఒక అండర్‌బ్రిడ్జి దిగక తప్పదు. గట్టి వాన పడితే అవి కుంటలే.

అసలు మోసమంతా వాలులో ఉంది. మామూలు రోడ్డు మీద నిలిచిన నీళ్ల లోతు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అండర్‌బ్రిడ్జిలో పైన నీళ్లు చదునుగానే కనిపిస్తాయి, కింద రోడ్డు మాత్రం దిగిపోతూనే ఉంటుంది. వాలు 20 మీటర్లకు ఒక మీటరు అనుకుందాం. నీటి అంచు దాటి 6 మీటర్లు పోతే లోతు 30 సెంటీమీటర్లు, 10 మీటర్లకు అర మీటరు. చిన్న కార్లకుండే 14 అంగుళాల రిమ్ముతో టైరు మొత్తం ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లు. అంటే కారున్నర పొడవు దిగేసరికే నీళ్లు చక్రం సగానికొచ్చేస్తాయి. అంతకు మించి పోకూడదు. కానీ అప్పటికి రెండు పక్కలా గోడలు, వెనకాల ఆటోవాడి హారను. ముందు పోయిన ఆర్టీసీ బస్సును చూసి ధైర్యం చేసేవాళ్లే ఎక్కువ. బస్సు చక్రం ఎత్తు మీటరు ఉంటుందని ఆ క్షణంలో ఎవరికీ గుర్తుకురాదు. పైగా ఎదురొచ్చే బస్సు లేపే అల నేరుగా కారు గ్రిల్ మీదికే వస్తుంది.

సైలెన్సర్‌లో నీళ్లు పోతేనే ఇంజన్ పోతుందని చాలామంది నమ్మకం. పెద్ద దెబ్బ తగిలేది గాలి పీల్చే దారి నుంచి. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి తీసుకెళ్లే గొట్టం మూతి చాలా కార్లలో గ్రిల్ వెనక, హెడ్‌లైటు దగ్గర్లో ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. నొక్కబోతే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ బండ్లలో సిలిండర్ పైన మిగిలే చోటు ఇంకా తక్కువ, అందుకే దెబ్బా ఎక్కువే.

తప్పనిసరై దిగితే ఏసీ ఆపేయాలి. లేదంటే రేడియేటర్ ఫ్యాను నీళ్లను కొట్టి రెక్కలు వంచుకుంటుంది. ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, ఒకే వేగంతో నెమ్మదిగా పోవాలి. గేరు మార్చకూడదు. బయటికొచ్చాక బ్రేకు మెల్లగా రెండు మూడుసార్లు తొక్కితే తడి ఆరుతుంది.

మధ్యలో ఆగిపోయిందా, ఇక సెల్ఫ్ కొట్టకండి, మళ్లీ స్టార్ట్ చేయబోకండి. ఆగిన బండి చాలాసార్లు బాగానే ఉంటుంది. కంగారులో కొట్టే సెల్ఫ్‌తో రాడ్ వంగొచ్చు. ఇగ్నిషన్ ఆపేసి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం అందులోనే ఉంచి, న్యూట్రల్ చేసి, మనుషుల చేత తోయించండి. ఆటోమేటిక్ అయితే చక్రాలు నేల మీద దొర్లించి లాక్కుపోవద్దు, బండి మొత్తాన్ని ఎక్కించుకునే టోయింగ్ వాహనమే కావాలి. ఒడ్డుకు చేరాక బ్యాటరీ నెగటివ్ వైరు పీకేసి, ఆయిల్ గేజ్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే. ఫిల్టర్ తడిస్తే మెకానిక్ వచ్చి పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలో నీళ్లు బయటికి కక్కించే దాకా ఆగాలి.

బీమా సంగతీ తెలుసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీతో మీ బండికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లలో సెల్ఫ్ కొట్టి పాడైన ఇంజన్‌కు సాధారణంగా డబ్బివ్వరు. నీళ్లు పోయి పాడైన ఇంజన్ కోసం ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా అదనపు బీమా ఉంటుంది. రెన్యువల్ అప్పుడు అడిగి తీసుకోవాలి, వాయుగుండం మొదలయ్యాక కాదు.

ఇక కార్పొరేషన్ వారికి. అండర్‌బ్రిడ్జి అడుగు చుట్టుపక్కల కాలువల కంటే కిందుంటుంది. నీళ్లు వాటంతటవి పోవు, మోటారే తోడాలి. వానకు కరెంటు పోయినప్పుడే మోటారు అవసరం కాబట్టి జనరేటర్ లేని మోటారు ఉన్నా లేనట్టే. రోడ్డు నీళ్లు లోపలికి జారకుండా వాలు మొదట్లోనే అడ్డంగా జాలీ కాలువ ఉండాలి, సెప్టెంబరులోనే అందులో చెత్త తీయించాలి. గోడ మీద అడుగు నుంచి సెంటీమీటర్ల గీతలు గీసి, 30 దగ్గర ఎర్ర పట్టీ వేయించండి. దానికి ఒక డబ్బా పెయింటు చాలు. హెచ్చరిక బోర్డు అండర్‌బ్రిడ్జి మూతి దగ్గర పెడితే లాభం లేదు, కారు వెనక్కి తిప్పుకోగలిగే ఆఖరి మలుపుకు ముందే కనపడాలి. వాన పడుతుంటే దారి మూసే గొలుసు తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే పని లేకుండా, ఆ డ్యూటీ ఎవరిదో ముందే రాసి పెట్టాలి.

– ఒక కారు మెకానిక్, నెల్లూరు