ఆదివారం మన మొదటి రెసిన్ కోస్టర్: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు ఎవరి ఇంట్లో వారు ఉండి, వీడియో కాల్‌లో కలిసి, రెసిన్‌తో మొదటి కోస్టర్ (కప్పు కింద పెట్టే చిన్న పలక) పోయబోతున్నాము. సిలికాన్ అచ్చు, ఎపాక్సీ రెసిన్ (చిక్కని ద్రవం), అందులో కలిపితే దాన్ని గట్టిపరిచే హార్డెనర్, కొలత గుర్తులున్న కప్పులు, చెక్క పుల్లలు, నైట్రైల్ చేతి తొడుగులు శనివారం సాయంత్రానికే సిద్ధం చేసుకోండి.

రెసిన్, హార్డెనర్‌ల నిష్పత్తి కొన్ని రకాలకు 1:1, మరికొన్నింటికి 2:1 ఉంటుంది కాబట్టి, సీసా మీద రాసినది తప్పక చదివి, ఆ కొలత పరిమాణం ప్రకారమా, బరువు ప్రకారమా అన్నది కూడా చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం కలపడమే. కప్పు అంచులనూ అడుగునూ పుల్లతో గీకుతూ నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా కలిపితే, మొదట కనిపించే పొగలాంటి చారలు పోయి మిశ్రమం తేటపడుతుంది. నేను తొందరపడి కలిపిన మొదటి పలక నెల గడిచినా వేలికి అంటుకుంటూనే ఉంది.

గాలి బాగా ఆడే గదిలో పని చేయండి. చర్మానికి అంటితే వెంటనే సబ్బునీటితో కడగండి. మిగిలిన రెసిన్‌ను సింకులో పోయవద్దు, కప్పులోనే గట్టిపడనివ్వండి. అచ్చుపై దుమ్ము పడకుండా మూత పెట్టి, 24 గంటలు కదల్చకండి.

పాల్గొనేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.